ఏ పాట పాడితే ఏ కులం?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల మాలపల్లెల్లో రాత్రి అన్నాల వేళ దాటాక రెండు రకాల పాటలు వినిపించడం కొత్త విషయం కాదు. ఒక అరుగు మీద తంబుర, తాళాలతో పోతులూరి వీరబ్రహ్మం, సిద్దయ్యల తత్త్వాలు సాగుతుంటాయి. నాలుగిళ్ల అవతల హార్మోనియం, డోలక్‌తో క్రైస్తవ కీర్తనలు సాగుతుంటాయి. రెండు చోట్లా కూర్చున్నవారు తరచుగా ఒకే ఇంటిపేరు గలవారు, అన్నదమ్ముల బిడ్డలు. పగలు ఒకే చేలో కూలికి పోతారు. ఊళ్లోని పెద్దరైతు వారిని పిలిచే పిలుపులో తేడా ఏమీ ఉండదు. తేడా అంతా మండల రెవెన్యూ కార్యాలయంలో ఉంది. తత్త్వం పాడేవాడు అక్కడ షెడ్యూల్డు కులస్థుడు. కీర్తన పాడేవాడు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగానికి చెందినవాడు. ఒకే గడపలో పుట్టిన ఇద్దరి కులాన్ని వారు రాత్రిపూట పాడుకునే పాట నిర్ణయిస్తోంది.

మతమార్పిడి, రిజర్వేషన్ల చర్చ మన పత్రికల్లో సాధారణంగా కోర్టు తీర్పుల దగ్గర మొదలై కోర్టు తీర్పుల దగ్గరే ముగుస్తుంది. ఆ చర్చకు గురవుతున్న మనుషులు ఎవరు, ఎందుకు కూడతారు, ఏమి పాడతారు అన్నది అందులోకి రాదు. కడప జిల్లాలో కీర్తన చుట్టూ అల్లుకున్న సమాజానికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. దాని వేళ్లు క్రైస్తవం కంటే లోతుకు పోతాయి. అక్కడి నుంచి మొదలుపెడితేనే నేటి చట్టం చేస్తున్న పని స్పష్టంగా కనిపిస్తుంది.

గుడి, బడి, రచ్చబండ మూడూ నిషిద్ధమైన కాలంలో పంచములకు మిగిలిన సామూహిక స్థలం పాట ఒక్కటే. రాయలసీమలో మాలలకు తమదైన పురోహిత వర్గం ఉంది. వారే మాలదాసరులు. శంఖం, జేగంట, దీపపు సెమ్మె చేతబట్టి, నుదుట నామాలు దిద్దుకొని విష్ణుకీర్తనలు పాడుతూ పల్లెల్లో తిరిగేవారు. పెళ్లికైనా చావుకైనా బ్రాహ్మణుడు రాని గడపకు వారు వచ్చేవారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాల్లో వారి ప్రస్తావన ఉంది. నేటి షెడ్యూల్డు కులాల జాబితాలో మాలదాసరి అనేది విడి పేరుగానే నమోదై ఉంది. అంటే పాడటమే వృత్తిగా, పాడటమే పౌరోహిత్యంగా బతికిన ఒక సమూహాన్ని రాజ్యాంగం షెడ్యూల్డు కులంగా గుర్తించింది. మాదిగల వైపు మాదిగ దాసు, మాష్టీన్ అనే పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అంటరానివారికి దేవుణ్ణి చేరవేసిన పాటగాళ్లు సైతం అంటరానివారేనని ఆ జాబితా తయారుచేసినవారికి తెలుసు. ఆ తెలివిడి క్రైస్తవ కీర్తన దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందన్నదే ప్రశ్న.

మాలదాసరి పాటకు పక్కనే మరో ధార ఉంది. మైదుకూరు దాటి తూర్పుకు పోతే వచ్చే కందిమల్లాయపల్లె, నేటి బ్రహ్మంగారి మఠం, దానికి కేంద్రం. 17వ శతాబ్దికి చెందిన వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుడు. ఆయన ప్రధాన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లిం. మరో శిష్యుడు కక్కయ్య మాదిగ. గురువు ఇంటి గడప దగ్గర కులం ఆగిపోయిందని చెప్పే ఈ కథలు ఎంతవరకు చరిత్ర, ఎంతవరకు ఐతిహ్యం అన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన మాట. వాటిని మూడు వందల ఏళ్లుగా పాడుతున్నవారు ఎవరన్నది మాత్రం మన కళ్లముందే ఉంది. ఏటా వైశాఖ శుద్ధ దశమినాడు మఠంలో జరిగే ఆరాధనకు తరలివచ్చే భజన బృందాల్లో నేతగాళ్లు, వడ్రంగులు, బోయలు, మాలలు, మాదిగలు, దూదేకులవారు ఉంటారు. కడప పల్లెల చెక్కభజన, కోలాటం కూడా ఇటువంటి కూటములకే పుట్టిన కళలు.

ఈ తత్త్వాల ధారకూ క్రైస్తవానికీ మధ్య ఉన్న బంధుత్వాన్ని మన చరిత్రకారులు చాలినంతగా పట్టించుకోలేదు. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి వేలాది మాదిగల మతాంతరీకరణకు దారి తీసినవాడు. క్రైస్తవుడు కాకముందు ఆయన రాజయోగ సాధకుడు. గురువుల వెంట తిరిగి, తత్త్వం నేర్చి, అంతటితో తృప్తి చెందక ముందుకు వచ్చినవాడు. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ ప్రచురించిన గ్రంథం ఆ మాదిగ సాధకుల కథలను వివరంగా నమోదు చేసింది. మిషనరీ రచన కనుక దాని మొగ్గును గమనిస్తూనే చదవాలి. అయినా ఒక సంగతి అందులో తేటతెల్లం. బియ్యం కోసమో గోధుమపిండి కోసమో మతం మారారన్న చవకబారు మాటకు ఆ కథలు తావివ్వవు. 1876–78 కరువు వేలమందిని మిషన్ల దగ్గరకు తోసిన మాట నిజమే. ఆ కరువుకు పదేళ్ల ముందే పాట కోసం, గురువు కోసం, చదువు కోసం వెతుకుతున్నవారు మాదిగపల్లెల్లో ఉన్నారన్నది కూడా అంతే నిజం.

కడప జిల్లాకు వస్తే, లండన్ మిషన్ కడప పట్టణంలో 1822లో అడుగుపెట్టింది. జమ్మలమడుగులో 19వ శతాబ్ది చివరి దశకంలో డాక్టర్ టి.వి. కాంబెల్ వైద్యం మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద ఉన్న ఆసుపత్రిని ఆ చుట్టుపక్కల మూడు తాలూకాలవారు తరాలుగా ‘మిషన్ ఆసుపత్రి’ అనే పిలిచారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో కొన్ని కలిసి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాక లండన్ మిషన్ వారి ఈ గుళ్లు, బళ్లు, ఆసుపత్రి ఆ సంఘంలో భాగమయ్యాయి. కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ అధ్యక్ష మండలం కింద నేటికీ నడుస్తున్నాయి.

ఆసుపత్రి గురించి, బడి గురించి రాసినవారు ఉన్నారు. పాట గురించి రాసినవారు తక్కువ. మిషన్ తొలి రోజుల్లో పల్లెకు ఒక ఉపదేశి ఉండేవాడు. పట్టుమని పది తరగతులు చదవని మాల యువకుడే చాలా చోట్ల ఉపదేశి. అతడు సాయంత్రం కూలిపనుల నుంచి తిరిగి వచ్చినవారిని కూర్చోబెట్టి కీర్తనను చరణం చరణంగా పలికించేవాడు. వారు తిరిగి పలికేవారు. అక్షరం రానివారికి కీర్తన కంఠతా వచ్చేది. తర్వాత అదే కీర్తన అచ్చులో కనిపించినప్పుడు, నోటికి వచ్చిన మాటను కంటితో పోల్చుకొని అక్షరాలు నేర్చుకునేవారు. వయోజన విద్య అనే మాట పుట్టకముందు పల్లెల్లో జరిగిన వయోజన విద్య ఇది. చాలా మాల ఇళ్లలోకి వచ్చిన మొదటి అచ్చు పుస్తకాలు బైబిలు, కీర్తనల పుస్తకం. బైబిలు బరువైనది, దాని గ్రాంథిక భాష కొరుకుడు పడనిది. చేతిలో నలిగింది కీర్తనల పుస్తకమే.

ఆ పుస్తకంలో ఒక విచిత్రం ఉంది. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. శంకరాభరణం, ఆదితాళం వంటి మాటలు సంగీత సభల ద్వారా పంచములకు చేరలేదు. ఆ సభల గుమ్మం వారికి తెరుచుకోలేదు. ఆ మాటలు గుడిసెలోని కిరసనాయిలు దీపం కింద కీర్తనల పుస్తకం ద్వారా చేరాయి. ఇంకా విచిత్రం, ఆ కీర్తనల్లో అత్యంత ప్రసిద్ధమైనవి రాసినది పురుషోత్తమ చౌధరి. 1803లో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తెలుగు–ఒడియా సరిహద్దు ప్రాంతంలో పెరిగి, 1833లో బాప్తిస్మం పొంది, 1890లో మరణించిన కవి. తెలుగు పద్యం, సంస్కృతం, కర్ణాటక సంగీతం ఎరిగిన ఆ పూర్వాశ్రమ బ్రాహ్మణుడి కీర్తనలను సజీవంగా నిలిపినవి మాలపల్లెలు. ఆయన పుట్టిన కులం ఆ పాటను వదిలేసింది. ఏ కులానికి ఆ రాగం అందకూడదని నియమం పెట్టారో ఆ కులం దాన్ని భుజాన వేసుకుంది. ప్రొద్దుటూరు సాహిత్య చరిత్ర రాసేవారు పుట్టపర్తి నారాయణాచార్యులనూ గడియారం వేంకటశేషశాస్త్రినీ సగర్వంగా స్మరిస్తారు. స్మరించవలసిందే. అదే పట్టణపు శివారు పేటల్లో తరాలుగా వందల కీర్తనలు కంఠస్థంగా మోసిన స్త్రీలకు మాత్రం ఆ చరిత్రలో ఒక పాదసూచిక కూడా దక్కలేదు.

స్త్రీల మాట వేరుగా చెప్పాలి. తత్త్వాల భజనలో స్త్రీ ఎక్కువగా వినేది. కీర్తనల కూటంలో ఎత్తుగడ ఆమెది. ఇంటింటి ప్రార్థనల్లో, శ్రమకాలపు కూడికల్లో, స్త్రీల మైత్రి సమావేశాల్లో పాట అందుకునేది, పాటను ఎంచేది స్త్రీ. బైబిలు స్త్రీ అనే చిన్న జీతపు ఉద్యోగం, మిషన్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని కొలువు, ఈ మూడూ పాట నేర్చిన గొంతుల వెంటే వచ్చాయి. నలుగురిలో నిలబడి నోరు విప్పడం అలవాటైన స్త్రీ రేపు గ్రామసభలోనూ నోరు విప్పుతుంది. కడప జిల్లా దళిత మహిళా నాయకత్వపు తొలి పాఠశాలల్లో ఈ కూటములు ఒకటని నా అభిప్రాయం.

ఇప్పటి కూటముల తీరు మారింది. సంక్రాంతి తర్వాత కోతలు ముగిసే వేళ ధాన్యపు మూటలతో జరిగే కోతకాలపు పండుగ, డిసెంబరు అంతా ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటల బృందాలు, 31 రాత్రి మేలుకువ ఆరాధన, మంచి శుక్రవారం మూడు గంటల ధ్యానం, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర పాటలు పాత సంఘాల్లో ఇంకా నడుస్తున్నాయి. వీటి పక్కన స్వతంత్ర సంఘాలు వచ్చాయి. బఖ్త్ సింగ్ స్థాపించిన సహవాసాల హెబ్రోను పాటలు ఒక తరాన్ని ఆకట్టుకున్నాయి. ఆ తర్వాతి తరానికి కీబోర్డు, డ్రమ్ ప్యాడ్, యూట్యూబ్ పాటలు వచ్చాయి. ప్రొద్దుటూరు బస్టాండు గోడల మీద ఉజ్జీవ మహాసభల వాల్‌పోస్టర్లు సినిమా పోస్టర్లతో పోటీ పడతాయి. రాగం, తాళం పేర్లు అచ్చువేసిన పాత పుస్తకం వెనుకబడింది. ఇది నష్టమేనని చెప్పడానికి సంకోచించనవసరం లేదు. కొత్త పాటల్లో చాలా భాగం సినిమా వరుసల నీడలు. సంఘానికి సొంతమైన బాణీ పోతే సంఘానికి సొంతమైన జ్ఞాపకం కూడా పోతుంది.

మరో మార్పు కూడా ఉంది. పల్లెలోని రామాలయాలకు, భజన మందిరాలకు కొత్తగా నిధులు వస్తున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 2000వ దశకంలో ‘దళిత గోవిందం’ పేరుతో శ్రీవారి ఉత్సవమూర్తులను దళితవాడలకు తీసుకువెళ్లింది. శ్రీవాణి ట్రస్టు ద్వారా దళితవాడల్లో ఆలయాల నిర్మాణం సాగుతోంది. నూరేళ్ల క్రితం ఆ పల్లెలో ఎవరు ఏ పాట పాడినా పట్టనివారికి ఇప్పుడు ఏ పాట పాడుతున్నారన్నది ముఖ్యమైపోయింది. దళితుడు పాడే పాట కోసం ఇంతటి పోటీ నడుస్తున్న కాలంలో, ఆ పాట మీద చట్టం విధించిన సుంకం సంగతి చూద్దాం.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందూమతం కాక ఇతర మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాజాలడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ పేరాలో చోటు కల్పించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1970లో వెనుకబడిన తరగతుల జాబితా రూపొందించినప్పుడు షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవం స్వీకరించినవారినీ వారి సంతతినీ ‘సి’ విభాగంగా చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1977 ఆగస్టు 30 నాటి 341వ నంబరు ఉత్తర్వు చట్టబద్ధం కాని కొన్ని ఆర్థిక సదుపాయాలను వారికి వర్తింపజేసింది. పదిహేను శాతం నుంచి ఒక శాతానికి దిగడం, చట్టసభల రిజర్వుడు స్థానాల్లో పోటీ చేసే హక్కు పోవడం, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ పోవడం, ఇదీ కీర్తనకు చెల్లించే మూల్యం.

సర్వోన్నత న్యాయస్థానం ముందుకు ఈ ప్రశ్న 1985లో సూసై అనే చెప్పులు కుట్టే కార్మికుడి రూపంలో వచ్చింది. చెన్నై రోడ్డు పక్కన కూర్చొని చెప్పులు కుట్టే ఆయన ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. ప్రభుత్వం చెప్పులు కుట్టేవారికి ఉచితంగా బంకులు ఇచ్చింది, షెడ్యూల్డు కులస్థులకు మాత్రమే. అదే వృత్తి, అదే ఎండ. మతం మారినా కులపు వైకల్యాలు అంతే తీవ్రతతో కొనసాగుతున్నాయని నిరూపించే సామగ్రి చూపలేదని న్యాయస్థానం ఆయన మొరను తోసిపుచ్చింది. మతం మారినవాడు కూడా చెప్పులే కుడుతున్నాడన్న సంగతి ఆ సామగ్రిలోకి రాలేదు!

2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో అదే న్యాయస్థానం, విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తేల్చింది. ఆ పుదుచ్చేరి మహిళ బాప్తిస్మం పొందడం, క్రమం తప్పక చర్చికి వెళ్లడం ఆమెకు వ్యతిరేక సాక్ష్యాలయ్యాయి. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు వేసింది. గుంటూరు జిల్లాలో పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి కులం పేరుతో తనను దూషించి దాడి చేశారని పెట్టిన కేసును కొట్టివేసింది. క్రైస్తవంలో కులవ్యవస్థ లేదు కనుక, క్రైస్తవుడిగా జీవిస్తున్నవాడు అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఆశ్రయించలేడన్నది దాని సారాంశం. చేతిలో కులధ్రువీకరణ పత్రం ఉన్నా అంతే.

ఈ తర్కంలోని లోపం సూటిగా చెప్పుకోవాలి. కులం పేరుతో తిట్టేవాడు బాధితుడి మతగ్రంథం ఏం చెబుతుందో చదివి తిట్టడు. క్రైస్తవ సిద్ధాంతంలో కులం లేకపోవచ్చు. తిట్టినవాడి బుర్రలో ఉంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువాను లోకం అంటరానివాడిగానే చూసింది. దేవాలయంలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్న దేశాన్ని 1941లో ఆయన కావ్యం చేసినప్పుడు బాప్తిస్మం ఆయనకు ఆ గుమ్మం ముందు ఏ సాయమూ చేయలేదు. సిద్ధాంతాన్ని బట్టి బాధను కొలిచే పద్ధతి సిక్కుల విషయంలో, బౌద్ధుల విషయంలో మనం పాటించలేదు. ఆ రెండు మతాల సిద్ధాంతాల్లోనూ కులానికి చోటు లేదు కదా.

ఇక్కడ క్రైస్తవ సంఘాలు తప్పించుకోలేని మాట ఒకటుంది. క్రైస్తవంలో కులం లేదని వేదిక మీద చెబుతూ, వివాహ సంబంధాల దగ్గర, సంఘపు పెద్దరికం దగ్గర కులం పాటించినవారే ఎదుటి పక్షానికి ఆయుధం అందించారు. రాయలసీమలో 18వ శతాబ్దిలోనే ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ ద్వారా కాథలికులైన రెడ్డి కుటుంబాలు ఉన్నాయి. వారి వారసులు రెడ్లుగానే పెళ్లిళ్లు చేసుకున్నారు, రెడ్లుగానే భూములు ఏలారు. వారికి మతమార్పిడి వల్ల కులం పోలేదు. పోవలసిన హక్కు ఏదీ లేదు గనుక చట్టరీత్యా కూడా ఏమీ పోలేదు. అదే కీర్తన, అదే బల్ల, అదే రొట్టె, అదే ద్రాక్షారసం. నష్టం మాత్రం ఒక్కరికే.

పులివెందులలో ఈ వైరుధ్యం రాష్ట్రమంతటికీ కనిపించేంత పెద్దది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగులో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసి, 1978లో పులివెందుల నుంచి శాసనసభకు వెళ్లారు. వేంపల్లె మండలం ఇడుపులపాయలోని ఆయన సమాధి దగ్గర ఏటా జూలై 8న, సెప్టెంబరు 2న ప్రార్థనలు జరుగుతాయి, కీర్తనలు పాడతారు. పులివెందుల చర్చిలో క్రిస్మస్ ప్రార్థనలో జగన్మోహన్‌రెడ్డి పాల్గొనడం ప్రతి ఏడాదీ వార్తే. టీవీ కెమెరాలు ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. రెడ్డి క్రైస్తవుడు పాడే కీర్తన అతని రాజకీయ జీవితానికి విమర్శలు తెచ్చిపెట్టవచ్చు, అతని కులానికి మాత్రం చిక్కు తేదు. అదే చర్చిలో వెనుక వరసలో పాడే మాల యువకుడికి కెమెరా ప్రమాదకరం. గ్రూపు పరీక్షకు ఎస్సీ ధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకున్నవాడైతే మరీ ప్రమాదం. 1993 నాటి 16వ నంబరు చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు చేస్తే కలెక్టరు విచారణకు ఆదేశించవచ్చు. అప్పుడు పెళ్లిపత్రిక, క్రిస్మస్ ఫొటో, కూటపు కరపత్రంలోని పేరు, వాట్సాప్ స్టేటస్, ప్రతిదీ సాక్ష్యమే.

తరాలుగా ఈ సమాజం తన సంతోషాన్ని కరపత్రాలతో, వాల్‌పోస్టర్లతో చాటుకుంది. ‘ఫలానా రోజు ఫలానా పల్లెలో కూటం, అందరూ ఆహ్వానితులు’ అన్న ఆ ప్రకటనే ఇప్పుడు అభియోగపత్రంగా మారగలదు. అందుకే చాలామందికి రెండు పేర్లు. బడి రికార్డుల్లో ఒకటి, సంఘపు రిజిస్టరులో మరొకటి. దీన్ని మోసం అనడం తేలిక. ఉన్న కులాన్ని ఉన్నట్టు ఒప్పుకునే దారి చట్టం మూసేసిన చోట మనుషులు ఇలాగే బతుకుతారు. తిరిగి హిందువునయ్యానని చెప్పుకున్నవారికి కులం తిరిగి వస్తుందని, ఆ కులస్థులు అంగీకరించినట్టు చూపాలని 2015లో కె.పి. మను కేసులో న్యాయస్థానం చెప్పింది. కులస్థుల అంగీకారం కొలమానమైతే, కీర్తన పాడుతున్నప్పుడు కూడా ఆ పల్లె వారిని తనవారిగానే చూస్తున్నదన్న సంగతి ఎందుకు కొలమానం కాదు?

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, మళ్లీ 2023 మార్చి 24న దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాలో చేర్చాలని తీర్మానించింది. తీర్మానం చేయడానికి ఖర్చు లేదు. చేర్చవలసింది పార్లమెంటు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడవ పేరాను తొలగించమని సిఫారసు చేసింది. కేంద్రం అంగీకరించలేదు. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. దానికి గడువు పొడిగింపులు వచ్చాయి. 2004 నుంచి సర్వోన్నత న్యాయస్థానంలో ఉన్న వ్యాజ్యానికి ప్రతి కమిషనూ ఒక వాయిదా కారణంగా ఉపయోగపడింది.

హిందూ దళితుల్లో ఈ డిమాండు పట్ల ఉన్న భయాన్ని మతవాదుల ప్రేరేపణగా కొట్టిపారేయడం అన్యాయం. మిషన్ బడుల వల్ల ఒక తరం ముందు చదువుకున్న క్రైస్తవ కుటుంబాలు పోటీలోకి వస్తే, తత్త్వం పాడుకునే అన్న కొడుకు వాటా తగ్గుతుందన్న లెక్క అబద్ధం కాదు. 2024 ఆగస్టు 1 నాటి తీర్పు తర్వాత రాష్ట్రంలో వర్గీకరణ జరిగి, 2025లో పదిహేను శాతాన్ని ఒకటి, ఆరున్నర, ఏడున్నర శాతాలుగా పంచారు. ఆ పంపకం తడి ఆరకముందే కొత్త వాటాదారుల పేరు వినిపిస్తే ఆందోళన సహజం. అందుచేత వాటా పెంచకుండా జాబితా పెంచమనడం తగదు. సంఖ్యకు తగినట్టు కోటా పెంచాలని మిశ్రా నివేదిక కాలం నుంచి దళిత క్రైస్తవ సంఘాల్లో వినిపిస్తున్న వాదన న్యాయమైనదే. దానికి యాభై శాతం పరిమితి అడ్డు నిలుస్తోంది. ఆ పోరు దీర్ఘమైనది.

రక్షణ సంగతి వేరు. అత్యాచారాల నిరోధక చట్టం ఎవరి ఉద్యోగమూ తీసి ఎవరికీ ఇవ్వదు. దెబ్బ తిన్నవాడికి పోలీసు స్టేషన్ తలుపు తెరుస్తుంది, అంతే. రిజర్వేషన్ వాటానూ దాడి నుంచి రక్షణనూ ఒకే మూటగా కట్టడం వల్లనే ఈ చర్చ దశాబ్దాలుగా ముందుకు కదలడం లేదు. ఆ చట్టం రెండవ సెక్షనులో షెడ్యూల్డు కులాలు అన్న మాటకు రాజ్యాంగం 366వ అధికరణంలోని అర్థాన్నే తీసుకున్నారు. ఆ నిర్వచనానికి, షెడ్యూల్డు కులంలో పుట్టి మతం మారినవారూ వారి సంతతీ ఈ చట్టపు రక్షణ మేరకు బాధితులుగా పరిగణింపబడతారని ఒక వాక్యం చేర్చడానికి 341వ అధికరణాన్ని ముట్టుకోనక్కరలేదు. రాష్ట్రపతి ఉత్తర్వును సవరించనక్కరలేదు. ఎవరి శాతమూ తగ్గదు. అన్న కొడుకుకూ తమ్ముడి కొడుకుకూ ఇందులో తగవు లేదు.

2023 నాటి శాసనసభ తీర్మానంలో ఈ కోరిక విడిగా లేదు. బాలకృష్ణన్ కమిషన్‌కు వినతులు రాసిన, రాయబోయే విద్యార్థి సంఘాలు దీన్ని మొదటి కోరికగా పెట్టవచ్చు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల నియోజకవర్గాల అభ్యర్థులు పార్టీ ఏదైనా డిసెంబరు రాగానే మాలపల్లె గుళ్లలో కేకు కోస్తారు, చప్పట్లు కొడుతూ కీర్తన అందుకుంటారు. ఆ సభలోనే, మైకు చేతిలో ఉన్నప్పుడే, ఈ ఒక్క వాక్యపు సవరణకు వారి పార్టీ పార్లమెంటులో ఓటు వేస్తుందో లేదో అడగాలి.